డిశ్చార్జి తర్వాతి ఏడాది

(చెన్నై టి.నగర్‌లో తెలుగు కుటుంబాల కోసం జరిగిన ఒక సమావేశంలో పిల్లల ఐసీయూ వైద్యురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు, చాలా సంతోషం. వాళ్లు అటూ ఇటూ తిరుగుతారు, తిరగనివ్వండి. నాకేమీ ఇబ్బంది లేదు.

నేను పిల్లల ఐసీయూలో పనిచేసే డాక్టర్ని. మాది గూడూరు దగ్గర ఒక పల్లె. చదువు, ఉద్యోగం అంతా చెన్నైలోనే. ఈ హాల్లో చాలామందికి సొంత ఊరు సూళ్లూరుపేటో, నాయుడుపేటో, శ్రీకాళహస్తో, పుత్తూరో అయ్యుంటుంది. అక్కడ బిడ్డ పరిస్థితి చెయ్యి దాటుతోందంటే అంబులెన్స్ ఇటే వస్తుంది. ఎగ్మోర్‌లోని ప్రభుత్వ పిల్లల ఆసుపత్రికి వెళ్లినా, ఏ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినా, ఐసీయూ బయట కుర్చీల్లో తెలుగు వినిపించని రోజు ఉండదు.

డెంగీలో బీపీ పడిపోయే షాక్, స్క్రబ్ టైఫస్ జ్వరం, నిమ్ము, మెదడువాపు, కట్లపాము కాటు. వీటికి ఐసీయూలో ఏం వైద్యం చేస్తామో ఈరోజు చెప్పడం లేదు. ఐసీయూ నుంచి ఇంటికి వెళ్లాక వచ్చే ఏడాది గురించి చెప్తాను. బిడ్డ బతుకుతాడా అన్నది మేం అడిగే మొదటి ప్రశ్న. బతికాక ఎలా ఉన్నాడు, ఆ ఇల్లు ఎలా ఉంది అన్నది రెండోది. ఈ రెండో ప్రశ్న అడిగే మనిషి ఒకరు ఉండేట్టు చూడకుండా ఏ బిడ్డనీ ఐసీయూ నుంచి ఇంటికి పంపకూడదని నా నమ్మకం. ఈరోజు నేను చెప్పేదంతా దాని గురించే.

మా వృత్తి ఎలా పుట్టిందో ముందు చెప్తాను. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విపరీతంగా వ్యాపించింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో ఊపిరి తీసుకునే కండరాలు చచ్చుబడి పిల్లలు రోజూ చనిపోతున్నారు. ఆగస్టు నెలాఖరులో వివి ఎబర్ట్ అనే 12 ఏళ్ల పాప అదే స్థితికి వచ్చింది. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, పాప గొంతు దగ్గర రంధ్రం చేయించి ట్యూబు పెట్టి, రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. ఆ పాప బతికింది. ఆ తర్వాత నెలల తరబడి దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని రోగులకు అలాగే చేత్తో ఊపిరి అందించారు. అంతకుముందు ఆ స్థితికి వచ్చినవాళ్లలో నూటికి 80 మందికి పైగా పోయేవాళ్లు. ఆ సంఖ్య బాగా పడిపోయింది. మరుసటి ఏడాది ఇబ్సెన్ అలాంటి రోగుల కోసం ప్రత్యేకంగా ఒక వార్డు మొదలుపెట్టాడు. ఈరోజు మీరు చూస్తున్న ఐసీయూలకు మూలం అదే.

ఆ రోజు సంగతి మా పుస్తకాలన్నీ రాస్తాయి. కానీ వివి 1971 వరకూ బతికింది. కాళ్లూ చేతులూ చచ్చుబడి, ఊపిరికి యంత్రం మీద ఆధారపడి, తల్లి కనిపెట్టుకుని చూసుకుంటుంటే బతికింది. ఆ పంతొమ్మిదేళ్ల గురించి పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలు కూడా ఉండవు. ఆ తల్లి ఎప్పుడు నిద్రపోయింది, ఆమెకి సాయం ఎవరు వచ్చారు అని ఎవరూ అడగలేదు. డెబ్బై ఏళ్లుగా మా రంగం ప్రాణం నిలబెట్టే రాత్రుల్నే లెక్కపెట్టుకుంటూ వచ్చింది. అందులో గొప్పతనం ఉంది, కాదనను. సంపన్న దేశాల పిల్లల ఐసీయూల్లో ఇప్పుడు చనిపోయేది నూటికి రెండు మూడు మందే. మన దగ్గర అంతకంటే ఎక్కువే, అయినా మన దగ్గర కూడా ఎక్కువమంది బతికి ఇంటికి వెళ్తున్నారు. వెళ్తున్నారు కాబట్టే ఆ తర్వాతి సంగతి చూడాల్సిన బాధ్యత వచ్చింది.

ఐసీయూ తర్వాత వచ్చే ఇబ్బందులన్నిటికీ కలిపి పెద్దవాళ్ల విషయంలో 2012లో ఒక పేరు స్థిరపడింది, పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అని. పిల్లలకు అది అలాగే సరిపోదు. పెద్దవాళ్లు పాత స్థితికి వస్తే చాలు, పిల్లలు పెరుగుతూ కూడా ఉండాలి. పైగా పిల్లలు ఒంటరిగా కోలుకోరు, ఇంటితో పాటే కోలుకుంటారు. 2018లో జోసెఫ్ మానింగ్, ఆయన తోటి పరిశోధకులు పిల్లల కోసం విడిగా ఒక చట్రం రాశారు. శరీరం, ఆలోచనాశక్తి, మనసు, నలుగురితో కలవడం, ఈ నాలుగూ చూడమన్నారు. బిడ్డతో పాటు తల్లిదండ్రుల్నీ, తోబుట్టువుల్నీ అదే చట్రంలో పెట్టారు. నాకు అందులో నచ్చింది అదే.

ముందు శరీరం గురించి. పది రోజులు వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకి కండ కరిగిపోతుంది. కట్టు విప్పిన చెయ్యి ఎంత సన్నగా కనిపిస్తుందో చూశారు కదా, ఒళ్లంతా అలా అవుతుందన్నమాట. కూర్చోబెడితే పక్కకి వాలిపోతాడు, మెట్లెక్కలేడు. ఇది భయపడాల్సింది కాదు, కానీ వదిలేయాల్సింది కూడా కాదు. రోజూ కొంచెం కొంచెం నడిపించాలి, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు. నీరసంగా ఉన్నాడని నెలల తరబడి మంచం మీదే పడుకోబెడితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. తిండి దగ్గర బలవంతం వద్దు. గొంతులో ట్యూబు ఉన్న బిడ్డకి కొన్నాళ్లు మింగడమంటేనే భయం ఉంటుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి.

రెండు మూడు నెలలకి ఇంకోటి జరుగుతుంది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుంది. గోళ్ల మీద అడ్డంగా గాడి పడుతుంది. తల్లులు హడలిపోయి ఫోన్ చేస్తారు, జబ్బు తిరగబెట్టిందేమోనని. తిరగబెట్టలేదమ్మా. తీవ్రమైన జబ్బు పడ్డప్పుడు ఒళ్లు జుట్టునీ గోరునీ పెంచడం కొన్నాళ్లు ఆపేస్తుంది. అది బయటికి కనిపించడానికి నెలలు పడుతుంది. జుట్టు మళ్లీ వస్తుంది. ఈ ఒక్క ముక్క డిశ్చార్జి రోజు చెప్తే ఎన్ని రాత్రుల టెన్షన్ తప్పుతుందో.

కానీ కొన్ని కచ్చితంగా పట్టించుకోవాలి. ట్యూబు తీసిన కొన్ని వారాలకు బిడ్డ గాలి లోపలికి పీల్చేటప్పుడు గురగురమనో, కీచుమనో శబ్దం వస్తుంటే అది ఉబ్బసం అనుకుని నెబ్యులైజర్ పెట్టించుకుంటూ కూర్చోకండి. ట్యూబు ఒరుసుకున్న చోట శ్వాసనాళం ఇరుకై ఉండొచ్చు. ట్యూబు వేసిన సంగతి ఆ డాక్టరుకి చెప్పండి. అది తెలియకపోతే ఆయనా ఉబ్బసమనే అనుకుంటాడు.

రెండోది వినికిడి. మెదడు పొరలకు చీము పట్టే జబ్బు, బాక్టీరియల్ మెనింజైటిస్, వచ్చిన ప్రతి బిడ్డకీ డిశ్చార్జి అయిన నాలుగు వారాల్లోపు వినికిడి పరీక్ష జరగాలి. ఆ జబ్బులో చెవి లోపలి భాగం దెబ్బతింటే అక్కడ ఎముక పెరిగి గట్టిపడిపోవచ్చు. అలా గట్టిపడితే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినిపించేందుకు చెవి లోపల ఆపరేషన్ చేసి అమర్చే పరికరం, పెట్టడం కష్టమవుతుంది. ఏడాది ఆగి చూద్దాం అనడానికి అక్కడ టైం లేదు. కొన్ని రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఎక్కువ రోజులు పడినా వినికిడి చూపించాలి. "పిలిస్తే పలకడం లేదు, మొండితనం ఎక్కువైంది" అని తల్లి చెప్పే ఏ బిడ్డ విషయంలోనైనా నేను ముందు చెవే చూపిస్తాను.

మూడోది మందులు. వెంటిలేటర్ మీద ఉన్నన్నాళ్లూ నొప్పి తెలియకుండా ఫెంటానిల్, నిద్రకు మిడజొలామ్ లాంటివి ఇస్తాం. ఎక్కువ రోజులు ఇస్తే ఒంటికి అలవాటైపోతాయి. అందుకే నెమ్మదిగా తగ్గిస్తాం. కొందరికి ఆ తగ్గింపు ఇంటి దాకా కొనసాగుతుంది. చిరాకు, వణుకు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే దాన్ని గారాబమని కొట్టకండి, ఫోన్ చేయండి. ఫిట్స్ మందు, స్టెరాయిడ్ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. ఇంకో చిన్న విషయం టీకాలు. ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, ఎక్కువ మోతాదులో ఎక్కించిన బిడ్డకి, రక్తనాళాలు వాచే కవాసాకి జబ్బులో ఇచ్చినంత ఇస్తే, తట్టు టీకా 11 నెలలు వాయిదా వేయాలి. ఎక్కించింది ఏమిటో కాగితం మీద లేకపోతే ఊళ్లో టీకా వేసే నర్సుకి ఎలా తెలుస్తుంది?

ఇక చదువు, జ్ఞాపకశక్తి. ఇక్కడ నేను అతిగా భయపెట్టను, తక్కువ చేసీ చెప్పను. అమెరికాలో ఊపిరి ఆడక వెంటిలేటర్ మీద ఉండి కోలుకున్న పిల్లల్ని, వాళ్ల సొంత అన్నదమ్ములు అక్కచెల్లెళ్లతో పోల్చి చూసిన పరిశోధన 2022లో వచ్చింది. అదే ఇల్లు, అదే తిండి, అదే బడి కాబట్టి పోలిక బాగుంటుంది. ఐక్యూలో తేడా సగటున మూడు పాయింట్లే. ఆ తేడాతో ఒక బిడ్డ జీవితం ఆగిపోదు. కానీ సగటు అంటే అందరూ కాదు. మరీ పసివయసులో ఐసీయూలో ఉన్నవాళ్లకి, ఎక్కువ రోజులు ఉన్నవాళ్లకి తేడా ఎక్కువగా కనిపించింది. 2020లో ఇంకో పెద్ద పరిశోధన 12 ఆసుపత్రుల్లో సెప్టిక్ షాక్, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే స్థితి, వచ్చిన పిల్లల్ని ఏడాది పాటు చూసింది. బతికినవాళ్లలో నూటికి 35 మంది ఏడాది తర్వాత కూడా ఆరోగ్యంలో, రోజువారీ జీవితంలో జబ్బుకి ముందున్న స్థితికి రాలేదు. మిగిలిన 65 మంది వచ్చారన్నది కూడా గుర్తుపెట్టుకోండి. ఆ 35 మందిలో మన బిడ్డ ఉన్నాడో లేదో చూడకుండా తెలియదు.

ఐసీయూలో మేం చేసే పని కూడా ఏళ్ల తర్వాత బయటపడుతుంది. బెల్జియం, నెదర్లాండ్స్, కెనడాలో 1440 మంది పిల్లల మీద ఒక పరిశోధన జరిగింది, 2016లో వచ్చింది. నరంలోంచి పోషకాహారం మొదటి రోజే మొదలుపెట్టాలా, వారం ఆగాలా అని. వారం ఆగినవాళ్లే త్వరగా కోలుకున్నారు. ఆ పిల్లల్ని పరిశోధకులు అంతటితో వదిలేయలేదు. రెండేళ్లకి, నాలుగేళ్లకి మళ్లీ పిలిచి చూశారు. ప్రవర్తనలో, మెదడు పనితీరులో కొన్ని విషయాల్లో వారం ఆగినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. నాలుగేళ్ల తర్వాత పిలిచి చూశారు కాబట్టే అది తెలిసింది.

ఇప్పుడు మనసు సంగతి. దీనికి కొంచెం ఎక్కువ టైం తీసుకుంటాను.

లండన్‌లో జిలియన్ కాల్విల్ అనే సైకాలజిస్టు, ఆమె తోటివాళ్లు ఐసీయూ నుంచి బయటపడ్డ 102 మంది పిల్లల్ని కూర్చోబెట్టి మీకేం గుర్తుంది అని అడిగారు. 2008లో అది అచ్చయింది. దాదాపు మూడింట ఒక వంతు పిల్లలు అసలు జరగనివి జరిగినట్టు గుర్తుపెట్టుకున్నారు. మత్తు మందులు ఎక్కువ రోజులు పడినవాళ్లలో అది ఎక్కువ. అలాంటి జ్ఞాపకాలు ఉన్నవాళ్లనే తర్వాత భయాలు ఎక్కువగా పట్టుకున్నాయి.

మా దగ్గర కూడా పిల్లలు చెప్తారు. గోడల నిండా చీమలు పాకుతున్నాయని ఒకరు. రాత్రి ఒకావిడ వచ్చి నన్ను గోనెసంచిలో వేసుకుని పోబోయిందని ఒకరు. బిడ్డ ఈ మాట ఇంటికి వెళ్లాక చెప్తాడు, అదీ ఒక్కసారే. తల్లి "ఛ, అలాంటివేం లేవు, పడుకో" అంటుంది. బిడ్డ మళ్లీ ఆ మాట ఎత్తడు. కానీ లైటు ఆర్పనివ్వడు, పక్క తడుపుతాడు, బాత్‌రూమ్‌కి కూడా అమ్మ రావాలంటాడు. ఏడేళ్ల పిల్లవాడు మూడేళ్లవాడిలా తయారవుతాడు. ఇంట్లో దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. తీయండి, కట్టండి, తప్పేం లేదు. అవ్వ దిష్టి తీసేటప్పుడు బిడ్డని దగ్గర కూర్చోబెట్టుకుంటుంది, తల నిమురుతుంది, అదీ మంచిదే. దాంతో పాటు ఆ బిడ్డ చెప్పేది చివరి దాకా వినండి. "నీకు అలా కనిపించిందా? చాలా భయం వేసుంటుంది. నీకు బలమైన మందులు ఇచ్చారు, అవి పడ్డప్పుడు అలా కనిపిస్తాయి. అప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను" అని చెప్పండి. ఈ నాలుగు ముక్కలు చాలాసార్లు చెప్పాల్సి రావచ్చు.

కట్లపాము కాటు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రి నేల మీద పడుకున్న పిల్లల్ని కరుస్తుంది. విషానికి కండరాలు చచ్చుబడతాయి. రెప్ప ఎత్తలేడు, వేలు కదపలేడు, ఊపిరి తీసుకోలేడు. చూసేవాళ్లకి కోమాలో ఉన్నట్టే ఉంటాడు. కానీ చాలాసార్లు ఆ బిడ్డకి తెలివి ఉంటుంది, వినిపిస్తూ ఉంటుంది. మంచం పక్కన నిలబడి "ఇంక లాభం లేదంట" అని ఎవరో అంటే ఆ మాట వాడి చెవిలో పడుతుంది. అందుకే ఐసీయూలో మంచం పక్కన ఏం మాట్లాడుతున్నామో మేమూ మీరూ జాగ్రత్తగా ఉండాలి. బిడ్డ పేరు పెట్టి పిలవండి. ఇది ఏ రోజు, ఇప్పుడు పొద్దునా రాత్రా, నీకేం చేయబోతున్నారు, అన్నీ చెప్పండి.

స్కాండినేవియా దేశాల నర్సులు ఎప్పుడో మొదలుపెట్టిన ఒక పద్ధతి ఉంది. ఐసీయూ డైరీ అంటారు. మంచం దగ్గర ఒక నోటుపుస్తకం పెడతారు. సిస్టర్లు, ఇంట్లోవాళ్లు రోజుకు నాలుగు లైన్లు రాస్తారు. బిడ్డతో మాట్లాడుతున్నట్టే రాస్తారు. "ఈరోజు మంగళవారం. పొద్దున జ్వరం తగ్గింది. తాత వచ్చి నీ కాళ్లు పట్టాడు. సాయంత్రం ట్యూబు తీశారు. నువ్వు మొదట అన్న మాట 'నీళ్లు'." ఇంతే. బిడ్డ కోలుకున్నాక, తనే అడిగినప్పుడు, పక్కన కూర్చుని చదివి వినిపిస్తారు. మత్తులో పోయిన రోజుల్లో నిజంగా ఏం జరిగిందో అప్పుడు తెలుస్తుంది. దీనికి మిషన్ అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు. ఇరవై రూపాయల పుస్తకం చాలు. మీ బిడ్డో, మీ బంధువుల బిడ్డో ఐసీయూలో ఉంటే మీరే మొదలుపెట్టండి. రాయడం రాని అవ్వ ఉంటే ఫోన్‌లో మాట రికార్డు చేసి పెట్టండి.

ఇప్పుడు తల్లుల గురించి. పిల్లలు ఐసీయూ నుంచి వచ్చాక నెలల తర్వాత కూడా తల్లిదండ్రుల్లో నూటికి 10 నుంచి 20 మందికి పీటీఎస్‌డీ, అంటే పెద్ద దెబ్బ తిన్నాక మనసుని వదలకుండా పట్టుకునే భయం జబ్బు, ఉంటున్నట్టు పరిశోధనలు చెప్తున్నాయి. పూర్తి జబ్బు స్థాయికి రాని లక్షణాలు ఇంకా చాలామందికి ఉంటాయి. మానిటర్ శబ్దం లాంటిది ఎక్కడ విన్నా గుండె దడ. మైక్రోవేవ్ బీప్ అంటే ఉలిక్కిపడి లేచే తల్లి నాకు తెలుసు. రాత్రి మూడుసార్లు లేచి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటారు. ఒకటి గమనించండి. ఈ భయం బిడ్డ జబ్బు ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఉండదు. బిడ్డ పోతాడేమోనని ఆ తల్లి ఎంతగా అనుకుంది అన్న దాన్ని బట్టి ఉంటుంది. "రెండు రోజులే కదా ఐసీయూలో ఉన్నాడు, ఇంకా ఎందుకు ఏడుస్తావు" అని అనకండి. ఆ రెండు రోజులు ఆమెకి ఎలా గడిచాయో ఆమెకే తెలుసు.

దీనికి తోడు నింద. "ఇంకొంచెం ముందు తీసుకొచ్చుంటే" అనే మాట. అత్తగారు అంటుంది, పక్కింటివాళ్లు అంటారు, డాక్టర్లం మేమూ అంటాం. క్యాజువాలిటీలో హడావుడిగా "ఎందుకింత లేటు చేశారు" అని ఎవరో ఒక డాక్టర్ అన్న మాట ఆ తల్లి మనసులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నా తోటి డాక్టర్లు ఇక్కడ ఉంటే వాళ్లని చేతులు జోడించి అడుగుతున్నాను, ఆ మాట అనకండి. డెంగీలో షాక్ ఎక్కువగా జ్వరం తగ్గే సమయంలోనే వస్తుంది. జ్వరం తగ్గింది, హమ్మయ్య అనుకున్న తల్లి తప్పేముంది?

భయం ఇంకో దారిలో కూడా బయటపడుతుంది. 1964లోనే గ్రీన్, సోల్నిట్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు దీన్ని గుర్తించి రాశారు. చావు అంచు దాకా వెళ్లొచ్చిన బిడ్డని, పూర్తిగా బాగైన తర్వాత కూడా, ఇంట్లోవాళ్లు ఎప్పుడు ఏమవుతాడో అన్నట్టే చూస్తారు. తుమ్మితే ఆసుపత్రి. ఎండలో ఆడనివ్వరు, వానలో బయటికి పంపరు, ఏడాది దాకా బడి మాన్పిస్తారు. తనలో ఏదో లోపం ఉందని బిడ్డకి నమ్మకం కుదిరిపోతుంది. ప్రేమతో చేసేదే ఇది. అందుకే తిడితే తగ్గదు. డిశ్చార్జి అయిన నెలకో, మూడు నెలలకో ఒక డాక్టర్ బిడ్డని పూర్తిగా చూసి, "ఇప్పుడు పరిగెత్తనివ్వచ్చు" అని నోటితో చెప్పాలి. అది మందుచీటీ మీద రాసిస్తే ఇంకా మంచిది. నేను రాసిస్తాను. క్రికెట్ ఆడవచ్చు అని రాసి సంతకం పెడతాను.

నాన్నల్ని ఎవరూ అడగరు. బిల్లు కట్టేది, రక్తం కోసం పరిగెత్తేది, నగలు తాకట్టు పెట్టేది ఆయన. బిడ్డ ఇంటికొచ్చిన మర్నాడే పనికి పోతాడు, అప్పు ఉంటుంది కాబట్టి. ఆయన మాట్లాడడు, కసురుకుంటాడు. కొందరు తాగుడు మొదలుపెడతారు. తర్వాతి చెకప్‌కి ఆయన రాకపోతే నేను ఫోన్‌లో అయినా పలకరిస్తాను, మీరెలా ఉన్నారని.

ఇంట్లో రెండో బిడ్డ సంగతీ అంతే. నెల రోజులు అమ్మమ్మ దగ్గర వదిలేసి ఉంటారు. "తమ్ముడికి బాగా లేదు" అన్న ఒక్క మాట తప్ప ఏమీ చెప్పి ఉండరు. తను తమ్ముణ్ణి కొట్టినందుకే వాడికి జబ్బు చేసిందని ఆ అక్క అనుకుంటూ ఉంటుంది. పిల్లలు అలా అనుకుంటారు, నిజంగా అనుకుంటారు. ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని జరిగిందంతా ఆమెకి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. నీ వల్ల కాదు అని విడిగా చెప్పండి.

ఇక మన తెలుగువాళ్లకి ఈ ఊళ్లో ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది. డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో ఉంటుంది. సిస్టర్ చెప్పేది తమిళంలో. విని తల ఊపే అమ్మకి వచ్చింది తెలుగు. నూరు నూటయాభై కిలోమీటర్లు వెళ్లాక ఆ ఫైలు బీరువాలోకి పోతుంది. ఊళ్లో డాక్టరుకి సమయం ఉండదు, నాలుగు పేజీల ఇంగ్లీషు చదవడానికి. అందుకే నేను అడిగేది ఒక్క పేజీ. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. బిడ్డకి ఏం జబ్బు వచ్చింది, ట్యూబు ఎన్ని రోజులు ఉంది, రక్తం ఎక్కించారా, ఏ మందు ఏ తేదీ దాకా, ఏ పరీక్ష ఎప్పుడు, మామూలుగా ఏమేం జరుగుతాయి, ఏది కనిపిస్తే వెంటనే రావాలి, ఎవరికి ఫోన్ చేయాలి. ఈ పేజీ మీరు అడిగి రాయించుకోండి. వార్డులో తెలుగు వచ్చిన సిస్టర్ ఒకరైనా ఉంటారు. మీలో తెలుగు, తమిళం రెండూ బాగా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వారానికి ఒక గంట ఒక ఆసుపత్రి బయట కూర్చుని ఈ పేజీ రాసిపెట్టగలిగితే అంతకంటే పెద్ద సాయం నేను ఊహించలేను. ఈ సంఘం పెద్దల్ని నేను కోరేది కూడా అదే.

ప్రతిసారీ చెన్నై రానక్కర్లేదు. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ టెలిమెడిసిన్ నిబంధనలు ఇచ్చింది. తెలిసిన డాక్టరు వీడియో కాల్‌లో బిడ్డ నడకని చూడొచ్చు, మాట వినొచ్చు, అమ్మతో మాట్లాడొచ్చు. నెలకి ఒకసారి వీడియో, మూడు నెలలకి, ఏడాదికి నేరుగా. చాలామంది బిడ్డలకి ఇది సరిపోతుంది. థెరపీ కావాలంటే మీ జిల్లాలోనే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టిన డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్, అంటే పిల్లల ఎదుగుదల లోపాలకు చికిత్స చేసే కేంద్రం, ఉందేమో జిల్లా ఆసుపత్రిలో అడగండి. ఆ కార్యక్రమం 2013లో మొదలైంది, 18 ఏళ్ల దాకా పిల్లలకి. ఇక్కడ చెన్నైలో అయితే కొట్టూర్‌పురంలో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే విద్యాసాగర్ సంస్థ ఉంది. ముట్టుకాడులో బహుళ వైకల్యాల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, అడయారులో పోలియో వచ్చిన పిల్లల కోసం ఆర్థోపెడిక్ సెంటర్ కట్టింది. పోలియో నుంచి బతికిన బిడ్డకి కాలిపర్, అంటే కాలికి ఊతంగా కట్టే పట్టీ, కావాలి, నడక నేర్పాలి, చదువు కావాలి అని ఆవిడకి ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ పని ఈ ఊళ్లో మన తెలుగావిడ చేసింది.

మనసుకి సంబంధించి సాయం కావాలంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. నేను ఆగుతాను.

బడి గురించి ఒక్క మాట. మొదటి రెండు వారాలు పూట బడికి పంపండి. టీచర్‌కి ముందే చెప్పండి, వీడు త్వరగా అలిసిపోతాడు, రాయడం నెమ్మదిగా ఉంటుంది, రెండు పనులు ఒకేసారి చెప్తే ఒకటి మర్చిపోతాడు అని. బద్ధకం కాదని వాళ్లకి తెలియాలి. కొన్నాళ్లకి సర్దుకోకపోతే సైకాలజిస్టుతో పరీక్ష చేయించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ప్రత్యేక ఇబ్బంది కూడా ఒకటి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో ఎక్కువ టైం అడగొచ్చు.

ఇక్కడున్నవాళ్లలో కొందరి పిల్లలు ఐసీయూలో ఉండి నాలుగైదేళ్లు అయ్యుండొచ్చు. ఇప్పుడు ఇవన్నీ వింటుంటే ఆలస్యమైపోయిందా అనిపిస్తుంది. కాలేదు. పసిబిడ్డగా ఐసీయూలో ఉన్న పిల్లలకి అప్పుడు ఏ తేడా కనిపించకపోవచ్చు. మూడో తరగతి, నాలుగో తరగతిలో పాఠాలు బరువెక్కినప్పుడు కొందరిలో మొదటిసారి బయటపడుతుంది. అప్పటికి ఇంట్లో అందరూ పాత జబ్బు సంగతి మర్చిపోయి ఉంటారు, టీచర్‌కి అసలు తెలియదు. "చిన్నప్పుడు పది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు" అని మీరు చెప్తేనే చూసే డాక్టర్ ఆ వైపు ఆలోచిస్తారు. పాత ఫైలు బీరువాలో ఉంటే తీసి నాకు చూపించండి. ఎనిమిది దాకా ఇక్కడే ఉంటాను. ముందు ప్రశ్నలు తీసుకుందాం. అదిగో, ఆ వెనక వరసలో పాపని ఎత్తుకున్న అమ్మ చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు, మైకు ఆమెకి ఇవ్వండి.